పులియబెట్టే విత్తనాన్ని పరీక్షించిన మహనీయుడు – లూయీ పాశ్చర్



లూయీ పాశ్చర్ పేరు వినగానే మనకు రెండు విషయాలు గుర్తుకొస్తాయి. ఒకటి పిచ్చికుక్క కాటుకు వేసే టీకా. రెండవది పాల ప్యాకెట్టు మీద కనబడే పాశ్చరైజ్డ్ అన్న మాట. బడిపిల్లలు కూడా ఇంతవరకు చెప్పగలరు. కానీ ఆ టీకా దగ్గరకు ఆయన ఏ దారిన చేరుకున్నారో చాలామందికి తెలియదు. ఆ దారి సారా బట్టీల గుండా, బీరు పీపాల గుండా సాగింది. మంచి బీరు కావాలంటే ఎటువంటి ఈస్టును ఎంచుకోవాలి అన్న ప్రశ్న ఆయన్ను చాలా ఏళ్లు వెంటాడింది. ఆ ప్రశ్నే చివరకు ఎందరో తల్లుల ఒడిలో బిడ్డలను నిలబెట్టింది.

తాగుడు వల్ల చితికిపోయిన కుటుంబాలు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో మనకు తెలియనిది కాదు. బీరు గొప్పదనం చెప్పటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తన ముందుకు వచ్చిన పని ఎంత చిన్నదైనా దాన్ని శ్రద్ధగా చూసిన ఒక మనిషి ఎంత దూరం వెళ్లగలిగాడో తెలుసుకోవటమే మన ఉద్దేశం.

తోళ్లు పదును చేసే ఇంటి బిడ్డ

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్స్ దేశపు తూర్పు భాగంలో, జూరా కొండల ప్రాంతంలోని దోల్ అనే పట్టణంలో జన్మించారు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చి, తోళ్లు పదును చేసుకుంటూ కుటుంబాన్ని పోషించేవాడు. తరువాత వారు ఆర్బువా అనే చిన్న ఊరిలో స్థిరపడ్డారు. చిన్నతనంలో లూయీ చదువులో అంతంతమాత్రమే. బొమ్మలు వేయటంలో మాత్రం దిట్ట. తల్లిదండ్రులను చూసి అతను రంగుల్లో వేసిన చిత్రాలు ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. 1838లో పై చదువుకని పారిస్ పంపిస్తే ఇంటి మీద బెంగతో కొద్ది వారాలకే తిరిగి వచ్చేశాడు. తండ్రి కోపగించుకోలేదు. కొన్నాళ్లు ఆగి, దగ్గరి ఊళ్లలో చదివించి, మళ్లీ పంపించాడు. 1843లో పారిస్‌లోని ఎకోల్ నార్మాల్ అనే పేరుపొందిన విద్యాలయంలో అతనికి చోటు దొరికింది.

1848లో, ఇరవై అయిదేళ్ల వయసులో, ఆయన తన మొదటి పెద్ద విషయాన్ని కనిపెట్టారు. ద్రాక్షసారా పీపాల్లో పేరుకునే టార్టారిక్ ఆమ్లానికి సంబంధించిన ఒక లవణాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించారు. స్ఫటికాలన్నీ ఒకే రకంగా ఉన్నట్టు తోచినా, వాటిలో రెండు రకాలు ఉన్నాయని గమనించారు. మన కుడిచేయి, ఎడమచేయి ఒకలాగే ఉండి కూడా ఒకదానిమీద ఒకటి సరిపోవు కదా, అవీ అలాగే ఉన్నాయి. ఆయన ఒక్కొక్క స్ఫటికాన్నీ చేత్తో ఏరి రెండు కుప్పలుగా వేరుచేశారు. బియ్యంలో రాళ్లు ఏరే తల్లికి ఎంత ఓపిక కావాలో అంత ఓపిక ఆ పనికి కావాలి. చూపుకు ఒకటిగా కనిపించేవాటిని ఓర్పుగా చూసి వేరుచేసే ఈ అలవాటే ఆయన జీవితమంతటికీ పెట్టుబడి అయింది.

మరుసటి ఏడాది స్ట్రాస్‌బర్గ్‌లో ఆచార్యుడుగా ఉండగా మరీ లోరాన్ అనే యువతితో వివాహం జరిగింది. ఆమె ఇంటి పనంతా చూసుకుంటూనే రాత్రిళ్లు భర్త చెబుతుంటే పరిశోధనల వివరాలు రాసిపెట్టేది. మన గోదావరి మీద కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన 1852 నాటికి ఈ దంపతులు చిన్న పిల్లలతో స్ట్రాస్‌బర్గ్‌లో కాపురం చేస్తున్నారు.

పులిసిపోయిన తొట్టెలు

1854లో పాశ్చర్‌ను లీల్ నగరంలో కొత్తగా పెట్టిన విజ్ఞానశాస్త్ర విభాగానికి అధిపతిగా నియమించారు. ఆ చుట్టుపక్కల బీట్‌దుంపల రసాన్ని పులియబెట్టి సారాయి దించే బట్టీలు చాలా ఉండేవి. 1856లో బిగో అనే బట్టీ యజమాని ఆయన దగ్గరకు వచ్చాడు. కొన్ని తొట్టెల్లో సారాయి బాగా వస్తోంది, కొన్నింటిలో రసం పుల్లబడి పాడైపోతోంది, కారణం అంతుబట్టటం లేదు. పాశ్చర్ స్వయంగా బట్టీకి వెళ్లి, రెండు రకాల తొట్టెల నుంచి చుక్కలు తెచ్చి సూక్ష్మదర్శినిలో చూశారు. మంచి తొట్టెల్లో గుండ్రని, నిండైన ఈస్టు కణాలు కనిపించాయి. పాడైన తొట్టెల్లో వాటి మధ్య సన్నని పుల్లల్లాంటి వేరే జీవులు కదలాడుతున్నాయి. పులుపుకు కారణం అవే.

ఈ సంగతి మన కోనసీమవారికి అర్థం కావటం కష్టం కాదు. తాటిచెట్టుకు కట్టిన లొట్టిలో తెల్లవారుజామున తియ్యగా ఉన్న రసం పొద్దెక్కేసరికి నురగలు కక్కుతుంది, సాయంత్రానికి పుల్లబడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ మార్పు ఆగుతుంది. తరతరాలుగా ఇది మనవారికి అనుభవంలో ఉన్నదే. ఆ రసంలో ఎవరూ ఏమీ కలపలేదు కదా, మరి పులియబెట్టింది ఎవరు? లొట్టికీ గెలకూ అంటుకుని ఉన్నవి, గాలిలో, ఈగల కాళ్లకు వచ్చినవి, ఎన్నో రకాల ఈస్టులు, వాటితోపాటు ఇతర సూక్ష్మజీవులు. ముందు ఈస్టు తీపిని సారాగా మారుస్తుంది, ఆ వెనుక వచ్చినవి పులుపెక్కిస్తాయి.

ఆ రోజుల్లో పేరున్న రసాయన శాస్త్రజ్ఞులు ఈ మాట ఒప్పుకోలేదు. జర్మనీలో మహాపండితుడైన లీబిగ్, పులియటం అంటే కుళ్లే పదార్థం తన చుట్టూ ఉన్న పదార్థాన్ని కూడా విరగగొట్టటమే అనీ, ఈస్టు బతికి ఉండటం వల్ల జరిగే పని కాదనీ వాదించేవాడు. 1857 నుంచి 1860 వరకు పాశ్చర్ వరుసగా ప్రయోగాలు చేసి, ఈస్టు బతికి పెరుగుతూ ఉంటేనే పులియటం జరుగుతుందని, ఒక్కొక్క రకం పులియటానికి ఒక్కొక్క జీవి ఉంటుందని చూపించారు. సూక్ష్మజీవులు వాటంతట అవే పుట్టుకొస్తాయన్న వాదాన్ని కూడా హంసమెడ లాంటి వంకర గొట్టమున్న గాజు సీసాలతో తోసిపుచ్చారు. బురదలోంచి పురుగులు వాటంతట అవే పుడతాయని అరిస్టాటిల్ కాలం నుంచీ తత్వవేత్తలు నమ్మిన మాట అది. వంకర గొట్టంలో దుమ్ము చిక్కుకుపోగా, లోపల మరగబెట్టిన రసం నెలల తరబడి చెడకుండా నిలిచింది. గొట్టం విరిస్తే కొద్ది రోజుల్లోనే చెడింది. చెడు రసంలోంచి పుట్టలేదు, బయటనుంచి వచ్చి చేరింది.

ఇంటి మీద పడిన దెబ్బలు

పాశ్చర్ ఈ పనుల్లో ఉండగానే ఆయన ఇంట మరణం అడుగుపెట్టింది. 1859లో పెద్ద కూతురు జాన్ తొమ్మిదేళ్ల వయసులో టైఫాయిడ్‌తో చనిపోయింది. 1865లో తండ్రి పోయారు. అదే ఏడాది రెండేళ్ల కమీయ్, మరుసటి ఏడాది పన్నెండేళ్ల సెసీల్ కన్నుమూశారు. సెసీల్‌ను తీసుకుపోయింది కూడా టైఫాయిడే. అయిదుగురు బిడ్డల్లో ముగ్గురిని ఆ తల్లిదండ్రులు మట్టిలో పెట్టారు. కంటికి కనబడని జీవులు రసాలను పాడుచేస్తున్నాయని లోకానికి చెబుతున్న మనిషి ఇంటినే కంటికి కనబడని జీవి దోచుకుపోయింది. టైఫాయిడ్ ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

1868 అక్టోబరులో ఆయనకు పక్షవాతం వచ్చింది. వయసు నలభై అయిదు. ఎడమచేయి, ఎడమకాలు పడిపోయాయి. ఇక బతకడనుకున్నారు. మెల్లగా కోలుకున్నారుగాని ఆ ఎడమచేయి మళ్లీ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఆ తరువాత చేసిన ప్రయోగాలకు సున్నితమైన చేతిపనిని శిష్యుల చేత చేయించవలసి వచ్చింది.

1870లో ఫ్రాన్స్‌కూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో ఉన్నాడు. ఓడిపోయి వెనక్కి వస్తున్న దళాల్లో కొడుకు బతికి ఉన్నాడో లేదో తెలియక, చలికాలంలో మంచు దారుల వెంట బండి కట్టించుకుని వెతుక్కుంటూ వెళ్లి కలుసుకున్నారు. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం తనకిచ్చిన గౌరవ పట్టాను తిప్పి పంపేశారు. జర్మనీ బీరు కంటే మంచి బీరు ఫ్రాన్స్‌లో చేయించాలన్న పట్టుదల ఆయనకు అప్పుడే కలిగింది. ఆ కోపంలో మంచీ ఉంది, మానవ బలహీనతా ఉంది. విచిత్రమేమిటంటే ఆయనకు బీరు మీద ఏమంత ఇష్టం లేదు. ఏ బీరు రుచి బాగుందో చెప్పటానికి బెర్తాన్ అనే స్నేహితుని మీద ఆధారపడేవారు. ఆయనకు తెలిసింది నాలుకతో చూడటం కాదు, సూక్ష్మదర్శినితో చూడటం.

లండన్‌లో ఒక చుక్క ఈస్టు

1871లో క్లెర్మోన్ నగరం దగ్గర ఒక చిన్న బీరు కర్మాగారంలో పని మొదలుపెట్టి, సెప్టెంబరులో లండన్ వెళ్లారు. అక్కడ విట్‌బ్రెడ్ అనే పెద్ద కర్మాగారంలో పోర్టర్ అనే నల్లని బీరు, ఏల్ రకాలు తయారయ్యేవి. పాశ్చర్ వారిని పోర్టరు పులియబెట్టే ఈస్టు కొంచెం చూపించమని అడిగారు. ఒక చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, ఈస్టు కణాల మధ్య పరాయి జీవులు ఉన్నాయని, ఈ ఈస్టుతో మంచి బీరు రాదని, పోర్టరు విషయంలో వారికి ఇబ్బంది కలుగుతూ ఉండాలని చెప్పారు.

తొట్టెలు చూడకుండా, బీరు నోట్లో పెట్టకుండా ఒక విదేశీయుడు తమ గుట్టు చెప్పేసరికి వారు ఆశ్చర్యపోయారు. నిజమే, తమకూ అనుమానం కలిగి ఆ ఉదయమే మరో కర్మాగారం నుంచి కొత్త ఈస్టు తెప్పించుకున్నామని ఒప్పుకున్నారు. ఆ కొత్త ఈస్టును కూడా చూసి, ఇది ఎంతో మేలైనదని ఆయన తేల్చారు. వారం రోజుల తరువాత మళ్లీ వెళ్లేసరికి ఆ కర్మాగారంలో ఒక సూక్ష్మదర్శిని కొని పెట్టుకుని ఉన్నారు, ఈస్టు మార్చేశారు. అప్పటివరకు తొట్టెలో పోసి అదృష్టం మీద వదిలేసిన పనిని, పోయటానికి ముందే చూసి ఎంచుకునే పనిగా ఆ చుక్క మార్చింది.

మంచి ఈస్టు అంటే ఏది?

బీరు తయారీలో మొలకెత్తించిన బార్లీని వేడినీటిలో నానబెట్టి తియ్యని రసం తీస్తారు. హాప్ పూలు వేసి మరిగించి, చల్లార్చి ఈస్టు కలుపుతారు. జర్మనీ వారి లాగర్ ఈస్టు చలిలో పనిచేసి అడుగుకు చేరుతుంది. ఇంగ్లీషువారి ఏల్ ఈస్టు దాదాపు 20 డిగ్రీల వెచ్చదనంలో పనిచేసి నురగతోపాటు పైకి తేలుతుంది. ఆ పైన తేలినదాన్ని తీసి, మనం పెరుగు తోడు దాచినట్టే, తరువాతి తొట్టెకు విత్తనంగా వాడతారు. తోడు చెడ్డదైతే రేపటి పెరుగు ఎలా ఉంటుందో గృహిణులకు చెప్పనవసరం లేదు.

అందుచేత ఈస్టులో చూడవలసిన మొదటి గుణం శుభ్రత. దానితో పరాయి జీవులు కలిసి ఉండకూడదు. అది తనంతట తానుగా కూడా రసానికి వేరే వాసన, వేరే రుచి పులమకూడదు.

రెండవ గుణం, పని ముగిశాక తేరుకోవటం. వరదకాలంలో గోదావరి కాలువ నీరు ఎర్రగా వస్తే మనవాళ్లు బిందెలో పటిక తిప్పుతారు. పూర్వం చిల్లగింజ అరగదీసి కలిపేవారు. నీటిలో తేలే సన్నని మన్ను గుంపులు గుంపులుగా కూడి అడుగుకు దిగుతుంది, పైన నీరు తేటపడుతుంది. మంచి ఈస్టు ఈ పనిని తానే చేసుకుంటుంది. దాని కణం మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. ఆ కణం పైపొరలో ఉండే మాంసకృత్తులు పక్క కణాన్ని పట్టుకునే కొక్కేల్లాంటివి. రసంలో చక్కెర ఉన్నంతసేపు ఆ కొక్కేలకు చక్కెరే అడ్డుపడుతుంది, కణాలు విడివిడిగా తిరుగుతూ పనిచేస్తాయి. చక్కెర అయిపోయాక, నీటిలోని కాల్షియం సాయంతో ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులు కడతాయి. ఏల్ తొట్టెలో కొన్ని గుంపులు నురగతో పైకి తేలుతాయి, మిగిలినవి అడుగుకు చేరతాయి, బీరు తేటగా నిలుస్తుంది. ఇంత వివరం మాత్రం పాశ్చర్ తరువాత చాలాకాలానికి తెలిసింది.

ఇందులో ఒక చిక్కు ఉంది. తొందరపడి గుంపుకట్టే ఈస్టు చక్కెర మిగిల్చి పని మధ్యలోనే దిగిపోతుంది. ఎప్పటికీ గుంపుకట్టని ఈస్టు పని పూర్తిచేసినా బీరును మబ్బుగా ఉంచేస్తుంది. దాన్ని తేటపరచటానికి ఇంగ్లీషువారు చేప పొట్టలోని గాలితిత్తి నుంచి తీసిన జిగురు వాడేవారు. పని పూర్తయ్యేదాకా ఉండి, పూర్తయ్యాక తప్పుకునే ఈస్టే సరైనది.

1876లో పాశ్చర్ ఈ పరిశోధనలన్నిటినీ బీరు మీద ఒక పెద్ద గ్రంథంగా ప్రచురించారు. అయితే ఆయన పని అక్కడితో పూర్తికాలేదు. డెన్మార్క్‌లో ఎమిల్ హాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. యవ్వనంలో ఇళ్లకు రంగులు వేసి పొట్టపోసుకున్నవాడు. కార్ల్స్‌బర్గ్ కర్మాగారం ప్రయోగశాలలో పనిచేస్తూ, బీరును చెడగొట్టేవి పరాయి సూక్ష్మజీవులే కాదు, ఈస్టుల్లోనే చెడ్డ రకాలు ఉన్నాయని కనుగొన్నాడు. ఒక్క కణాన్ని వేరుచేసి, దాని సంతతిని మాత్రమే పెంచి, 1883లో ఆ శుద్ధమైన ఈస్టుతో బీరు చేయించాడు. యజమాని జాకబ్సెన్ ఆ ఈస్టును రహస్యంగా దాచుకోకుండా అడిగినవారికి ఉచితంగా పంచాడు. ఇంగ్లండులో నిలవబెట్టే ఏల్ రకాలు మాత్రం ఒకే ఈస్టుతో పాత రుచికి రాలేదు. ఆ రుచికి రెండో రకం ఈస్టు కూడా కారణమని 1904లో అదే కార్ల్స్‌బర్గ్‌లో క్లాసెన్ తేల్చాడు. ఒకచోట చెరుపు చేసేది మరోచోట అవసరం కావచ్చు. దేన్ని ఎందుకు ఎంచుకుంటున్నామో తెలిసి ఉండటం ముఖ్యం.

పీపా నుంచి పసిబిడ్డ దాకా

బీరుకు జబ్బు చేసేది పరాయి జీవి అయితే మనిషికి జబ్బు చేసేది కూడా అటువంటిదే ఎందుకు కాకూడదు? ముగ్గురు బిడ్డలను పోగొట్టుకున్న తండ్రికి ఇది పుస్తకాల ప్రశ్న కాదు. 1880లో కోళ్లకు వచ్చే కలరా మీద, 1881లో పశువుల దొమ్మ రోగం మీద టీకాలు సాధించారు. 1885 జూలై 6న అల్సాస్ నుంచి ఒక తల్లి పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల కొడుకు జోసెఫ్ మైస్టర్‌ను తీసుకుని ఆయన దగ్గరకు వచ్చింది. పాశ్చర్ వైద్యుడు కాదు. టీకా మనుషుల మీద నిరూపించబడినదీ కాదు. వేస్తే ఏమవుతుందో తెలియదు, వేయకపోతే పిల్లవాడికి చావు రావచ్చు. వైద్యులతో ఆలోచించి టీకా వేయించటానికి నిర్ణయించుకున్నారు. పది రోజులకు పైగా సాగిన ఆ చికిత్సలో ఆయనకు రాత్రిళ్లు నిద్రలేదు. పిల్లవాడు బతికాడు.

1888లో పారిస్‌లో ప్రజల విరాళాలతో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. 1907లో మన దక్షిణాదిలో నీలగిరి కొండల మీద కూనూరులో ఆయన పేరుతో సంస్థ ఏర్పడింది. బొడ్డు చుట్టూ వేసే ఇంజెక్షన్లు అంటే మన పెద్దలకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పుడు వాటి స్థానంలో చేతికి వేసే తేలిక టీకాలు వచ్చాయి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పసర్లూ మంత్రాలూ అంటూ కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్లటం ప్రతి ఇంటా తెలిసి ఉండవలసిన సంగతి. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు మందు లేదు.

1895 సెప్టెంబరు 28న పాశ్చర్ కన్నుమూశారు. ఆయన ఒక చేయి భార్య చేతిలో, మరొక చేతిలో సిలువ ఉన్నాయని అల్లుడు రాసిన జీవితచరిత్ర చెబుతుంది. నోత్ర్ దామ్ మహాదేవాలయంలో అంత్యక్రియలు జరిగాయి. తరువాత ఆయన దేహాన్ని ఇన్‌స్టిట్యూట్‌లోనే నిర్మించిన సమాధిలో ఉంచారు. ఆ సమాధి గోడల మీద రంగురాళ్లతో చేసిన బొమ్మల్లో కుక్కలు, గొర్రెలు, కోళ్లతోపాటు ద్రాక్షతీగలూ హాప్ తీగలూ కూడా కనిపిస్తాయి. సారాబట్టీనీ బీరు పీపానీ ఆయన జీవితంలోంచి తీసేయటానికి ఎవరూ ప్రయత్నించలేదు.

ఆయన బిడ్డలను తీసుకుపోయిన టైఫాయిడ్‌కు ఈనాడు మందులున్నాయి, టీకా ఉంది. అయినా వర్షాకాలం వస్తే మన ఊళ్లలో ఆ జ్వరం ఇంకా వినబడుతూనే ఉంది. పటిక నీటిని తేటపరుస్తుందేగాని క్రిములను చంపదు. తేరిన నీరంతా శుభ్రమైన నీరు కాదు. తేర్చిన నీటిని మరిగించి, మూతపెట్టి, పిల్లలకు ఇవ్వండి. ఆ కాస్త శ్రమ తెలిసి ఉంటే జాన్, సెసీల్ బతికేవారేమో.